వదినా, ముందు ఆ వైరు ఎక్కడ పెట్టారో చూడండి

వదినా, ఆ నెట్‌వాళ్లకి ఇంకోసారి ఫోన్ చెయ్యకండి. ఒక్క నిమిషం ఇటు గోడ దగ్గరికి రండి. రాత్రి మీవాడు "ల్యాగ్ కొడుతోంది, ల్యాగ్ కొడుతోంది" అని అరుస్తుంటే మా వంటింట్లోకి వినపడింది. పొద్దున చూస్తే అన్నయ్యగారేమో ప్లాన్ మార్చి పెద్దది తీసుకుందాం అంటున్నారు. తీసుకుంటే నెలనెలా బిల్లు పెరుగుతుంది, అంతే. వాడి బాధ ఉన్న చోటు వేరే.

నాకెలా తెలుసంటారా? మొన్న పాలు పోయించుకుంటున్నప్పుడు వాడే చెప్పాడు. "ఆంటీ, మౌస్ తిప్పితే చెయ్యి ముందెళ్లిపోతోంది, బొమ్మ తర్వాతెప్పుడో వస్తోంది" అన్నాడు. వాడు ఆడేది వాలరెంట్ కదా. అందులో గానీ కౌంటర్ స్ట్రైక్‌లో గానీ మనం మౌస్ తిప్పితే చూపు తిరగడమన్నది మన కంప్యూటర్లోనే జరిగిపోతుంది. సర్వర్ ముంబైలో ఉంటే ఉండనివ్వండి, దాన్ని అడిగి తిప్పదు. నెట్ బాగోకపోతే కనబడే లక్షణాలు వేరు. ఎదుటివాడు ఉన్నట్టుండి ఇక్కడ మాయమై అక్కడ తేలతాడు. కాల్చింది తగిలినట్టే ఉంటుంది, తీరా చూస్తే లెక్కలోకి రాదు. గోడ చాటుకి వచ్చేశాక చచ్చిపోతాం. మన చూపు మాత్రం మామూలుగానే తిరుగుతుంది. చూపు తిరగడమే బరువైపోయిందంటే ఆ ఆలస్యం మౌస్‌కీ మానిటర్‌కీ మధ్య, మీ ఇంట్లో, ఆ బల్ల మీదే ఎక్కడో ఉన్నట్టు. నమ్మకం కుదరకపోతే నెట్ తీసేసి, ఒక్కడే ఆడుకునే ఆటేదైనా పెట్టి చూడమనండి. అందులోనూ అంతే బరువుగా ఉంటే ఇక నెట్టు జోలికి వెళ్లక్కర్లేదు.

ఇంకో సంగతి అంతకుముందే చెప్పాడు. గబుక్కున పక్కకి తిరిగితే గుమ్మాలూ స్తంభాలూ మధ్యలో తెగినట్టు కనబడుతున్నాయట. పై సగం ఒక చోట, కింది సగం ఓ రెండు వేళ్లు పక్కకి. గ్రాఫిక్స్ కార్డు పోయిందేమో, కొత్తది కొనాలేమో అని బెంగ పెట్టుకున్నాడు. కార్డు చక్కగా ఉంది వదినా. అది పని చేస్తోంది కాబట్టే ఆ తెగుడు కనబడుతోంది.

మానిటర్ బొమ్మంతా ఒక్కసారిగా చూపించదు. పై వరస నుంచి కింది వరస దాకా గీసుకుంటూ వస్తుంది. 60 హెర్ట్జ్ అంటే సెకనుకి 60 సార్లు అలా గీస్తుందన్నమాట, ఒక్కో విడతకి దాదాపు 16.7 మిల్లీసెకండ్లు. గ్రాఫిక్స్ కార్డుకి ఆ లెక్కతో సంబంధం లేదు. ఆటలో ఖాళీ వీధి ఉంటే సెకనుకి 130 బొమ్మలు తయారు చేస్తుంది, పొగా మంటలూ వస్తే 80కి పడిపోతుంది. మానిటర్ సగం దాకా పాత బొమ్మ గీశాక కార్డు కొత్తది అందించిందనుకోండి, మిగతా సగం ఆ కొత్తదాంట్లోంచి గీసేస్తుంది. ఈలోగా చూపు పక్కకి తిరిగే ఉంటుంది కదా, అతుకు పడ్డ చోట స్తంభం తెగినట్టు కనబడుతుంది. కదలకుండా నిలబడితే ఏమీ కనబడదు. అందుకే షాపువాడి దగ్గరికి మోసుకెళ్లి చూపిస్తే "బాగానే ఉందిగా" అని పంపించేస్తాడు.

మనిషి కన్నుకి మిల్లీసెకండ్లు ఏం తెలుస్తాయి అంటారు, అంతేనా? అన్నయ్యగారు కూడా అదే అన్నారు. ఒక బొమ్మ చూసి వేలు నొక్కడానికి మనిషికి ఎంత లేదన్నా ఐదో వంతు సెకను, అంటే 200 మిల్లీసెకండ్లు పడుతుంది, నిజమే. కానీ గురిపెట్టడం అనేది ఒకసారి చూసి ఒకసారి నొక్కడం కాదు. చెయ్యి కాస్త కదులుతుంది, కన్ను చూస్తుంది, చెయ్యి సర్దుకుంటుంది, మళ్లీ కన్ను చూస్తుంది. ఆ రెండింటి మధ్యా 50 మిల్లీసెకండ్లు అదనంగా వచ్చి కూర్చుంటే గురి దాటి అవతలికి పోతాం, వెనక్కి లాగితే ఇవతలికి వస్తాం. మీవాడికి చెయ్యి తిరగలేదని వాళ్ల జట్టువాళ్లు అంటున్నారట. వాడి చేతిలో తప్పేమీ లేదు, చాలా శ్రద్ధగా ఆడే పిల్లాడు. వాడికా మాట మీరు చెప్పండి.

ఇప్పుడు నేను ముందే అన్న ఆ మానిటర్ వైరు సంగతి. క్యాబినెట్ వెనక్కి తిప్పి చూడండి. పైభాగంలో యూఎస్‌బీ రంధ్రాల పక్కన నిలువుగా ఒక హెచ్‌డీఎంఐ ఉంటుంది, అది మదర్‌బోర్డుది. దానికి కింద అడ్డంగా, వరసగా రెండు మూడు రంధ్రాలుంటాయి, అవీ గ్రాఫిక్స్ కార్డువి. మానిటర్ వైరు కింద ఉన్నవాటిలోనే పెట్టాలి. పైదాంట్లో పెడితే వేలు పోసి కొన్న కార్డు ఊరికే కూర్చోవచ్చు, లేదా కార్డు గీసిన బొమ్మ ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్ దాకా ప్రయాణం చేసి అప్పుడు బయటికి రావచ్చు. ఎలాగైనా నష్టమే. ఇల్లు కడిగేటప్పుడు వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టామన్నారే, నా అనుమానమంతా అక్కడే.

అది సరిగ్గా ఉంటే రెండోది. మీ మానిటర్ డబ్బా మీద 144 హెర్ట్జ్ అని ఉంది, నేను చూశాను. కానీ విండోస్ దాన్ని 60 దగ్గరే వదిలేస్తుంది చాలాసార్లు, ముఖ్యంగా వైరు మార్చినా, డ్రైవర్ కొత్తది వేసినా. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, కిందికి వెళ్తే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. అక్కడ రిఫ్రెష్ రేట్ అన్న చోట 60 అని ఉంటే నొక్కి 144 ఎంచుకోవాలి. అంతే, పైసా ఖర్చు లేదు. విడతకి 16.7 మిల్లీసెకండ్లు పట్టేది కాస్తా 6.9కి దిగుతుంది. తెగుడు పూర్తిగా పోదు గానీ ఒక్కో అతుకు కనబడే సమయం సగానికంటే తగ్గుతుంది. జాబితాలో 144 అన్నదే లేకపోతే వైరు పాతదై ఉండొచ్చు, డిస్‌ప్లే పోర్ట్ వైరు ఒకటి తెప్పించండి. ఎంతమంది ఇళ్లలో 144 మానిటర్ ఏళ్ల తరబడి 60 మీదే నడుస్తోందో! వాళ్ల సొమ్ము అలా వృథా అయిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఏమన్నారూ? వీ-సింక్ ఆన్ చేశాక తెగుడు పోయిందా? ఎవరు చెప్పారు వాడికి, ట్యూషన్ ఫ్రెండా? సరే, ఆ ఫ్రెండ్ తప్పేమీ చెప్పలేదు. వీ-సింక్ అంటే మానిటర్ ఒక విడత గీయడం పూర్తిచేసే దాకా కార్డు కొత్త బొమ్మ అందించకుండా ఆగడం. పాత డబ్బా మానిటర్ల కాలం నుంచీ ఉన్న పద్ధతే. తెగుడు ఖాయంగా పోతుంది. చెయ్యి బరువెక్కింది మాత్రం దాంతోనే.

ఎలాగంటే, మానిటర్ అడిగేదాకా ఆగమన్నాం కదా, ఆట ఖాళీగా కూర్చోదు. ముందుముందు బొమ్మలు సిద్ధం చేసి వరసలో పెట్టేస్తుంది. విండోస్‌లో డైరెక్ట్ఎక్స్ మామూలుగా మూడు దాకా పెట్టుకోనిస్తుంది. మన బజారు హోటల్లో రద్దీ లేనప్పుడు పెనం దగ్గరాయన ముందే మూడు దోసెలు పోసి పేర్చుకుంటాడు చూడండి, మనం వెళ్లి అడగ్గానే అందులో పాతది మన ప్లేట్లోకి వస్తుంది, వేడివేడిది వెనక ఉండిపోతుంది. ఇదీ అంతే. మీవాడు ఇప్పుడు తిప్పిన మౌస్ కొత్త బొమ్మలో ఉంటుంది, కానీ కళ్ల ముందుకొచ్చేది మూడు బొమ్మల కిందటిది. 60 హెర్ట్జ్ మీద మూడంటే 50 మిల్లీసెకండ్లు! దానికితోడు 60 మీద పాత పద్ధతి వీ-సింక్‌లో ఇంకో చిక్కుంది. ఒక బొమ్మకి 16.7 బదులు 17 పట్టినా ఆ విడత తప్పిపోయి తర్వాతి దాకా ఆగాలి, దాంతో 60 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి 60 బొమ్మలు, కాస్తా అమాంతం 30కి పడిపోతుంది. కార్డుకి శక్తి లేక కాదు. ఇందులో పనికంటే కాచుకు కూర్చోవడమే ఎక్కువ వదినా.

కాబట్టి ఆట లోపలున్న వీ-సింక్ ఆపించెయ్యండి. వాలరెంట్‌లో వీడియో సెట్టింగ్స్‌లోనే ఎన్విడియా రిఫ్లెక్స్ అని ఒకటి ఉంటుంది, దాన్ని ఆన్ చెయ్యమనండి. అది 2020లో వచ్చింది. ఆ మూడు బొమ్మల వరస పేరుకోకుండా చూస్తుంది, సరిగ్గా కార్డుకి అవసరమైన క్షణంలోనే ఆటని మౌస్ చదవమంటుంది. మీవాడిది 1650 కార్డు కదా, దానికి పని చేస్తుంది, 900 సిరీస్ నుంచీ అన్నిటికీ చేస్తుంది. రిఫ్లెక్స్ లేని ఆటలకి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో లో లేటెన్సీ మోడ్ ఉంది. ఏఎండీ కార్డులవాళ్లకి యాంటీ-ల్యాగ్ ఉంది. ఈ రెండూ 2019 నాటివి.

ఇంకో చిట్కా వాడికి మొదట్లో మింగుడు పడదు. ఎఫ్‌పీఎస్‌కి హద్దు పెట్టమనండి. "ఎక్కువ వస్తుంటే తగ్గించుకోవడమేంటి ఆంటీ" అంటాడు. కార్డు 99 శాతం మీద ఊపిరాడకుండా నడుస్తున్నప్పుడే వెనక వరస పేరుకుంటుంది. దానికి కాస్త తెరిపి ఇచ్చి, ఎప్పుడూ అందుకోగలిగే అంకె దగ్గర ఆపితే వరస తయారవదు, చెయ్యి తేలికపడుతుంది. హద్దు ఆట లోపలి సెట్టింగ్‌లో పెడితే మంచిది, బయటి సాఫ్ట్‌వేర్‌తో పెట్టినదానికంటే ఆలస్యం తక్కువగా ఉంటుంది. ఆటలో ఆ సౌకర్యం లేకపోతే రివాట్యూనర్ అనే బయటి సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ నమ్మదగ్గదే.

తెగుడు మళ్లీ వస్తుంది కదా అంటారు. వస్తుంది. దానికి అసలు మందు మీ మానిటర్లోనే ఉంది, ఆన్ చెయ్యలేదంతే. 2013 దాకా కార్డు మానిటర్ కోసం ఆగాలి, లేదా తెగుడు భరించాలి. ఆ అక్టోబరులో ఎన్విడియావాళ్లు జీ-సింక్ అని తెచ్చారు. కార్డు బొమ్మ సిద్ధం చేసినప్పుడే మానిటర్ గీయడం మొదలుపెడుతుంది. ఎవరి కోసం ఎవరు కాచుకోవాలన్నది తిరగేశారు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇదే. అయితే మానిటర్లో వాళ్ల చిప్పు ఒకటి పెట్టాలి, దాంతో ధర మోత మోగింది. తర్వాత వీసా అనే ప్రమాణాల సంస్థ అదే పనిని డిస్‌ప్లే పోర్ట్‌లోకి ఎవరైనా వాడుకునేలా చేర్చింది. ఏఎండీ దాన్ని పట్టుకుని ఫ్రీసింక్ అని 2015లో మానిటర్లలోకి తెచ్చింది. 2019 జనవరిలో ఎన్విడియా కూడా దిగివచ్చి, తన కార్డులు ఫ్రీసింక్ మానిటర్లతో పని చేసేలా డ్రైవర్ ఇచ్చింది. మనలాంటి ఇళ్లకి మేలు జరిగింది ఆ రోజే. ఇప్పుడు మామూలు ధర మానిటర్ మీద కూడా ఫ్రీసింక్ అని రాసి ఉంటుంది, మీదాని మీదా ఉంది.

మానిటర్ బటన్ల మెనూలోకి వెళ్లి ఫ్రీసింక్ ఆన్. తర్వాత ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో జీ-సింక్ ఆన్. అక్కడే వీ-సింక్ కూడా ఆన్. కంగారు పడకండి, ఆటలో ఆపమన్నదాన్ని ఇక్కడ పెట్టమంటున్నానేంటి అని. జీ-సింక్‌తో కలిసి ఉన్నప్పుడు దాని పని వేరు, అప్పుడప్పుడూ ఒక బొమ్మ తొందరపడి వస్తే అడుగున తెగుడు కనబడకుండా కాస్తుంది, అంతే. కానీ ఎఫ్‌పీఎస్ 144ని తాకకూడదు. తాకితే జీ-సింక్ చేతులెత్తేస్తుంది, పాత వీ-సింక్ వచ్చి కూర్చుంటుంది, మళ్లీ బరువు. 138 నుంచి 141 మధ్య హద్దు పెడితే చాలు. రిఫ్లెక్స్ ఆన్ చేసి ఉంటే అదే చూసుకుని 138 దగ్గర ఆపుతుంది. ఈ లెక్కలు బ్లర్ బస్టర్స్ అనేవాళ్లు ఎంతో ఓపిగ్గా కొలిచి చెప్పినవి, నేను వాళ్లనే నమ్ముతాను.

మిగతావి చిన్నచిన్నవే. మౌస్ సాఫ్ట్‌వేర్‌లో పోలింగ్ రేట్ 125 ఉంటే 1000 చేయమనండి, ఎనిమిది మిల్లీసెకండ్లకోసారి చెప్పేది ఒకటికి వస్తుంది. కిటికీలా నడిచే బోర్డర్‌లెస్ కంటే ఫుల్ స్క్రీన్ మేలు, అయినా విండోస్ 11లో విండోలో ఆడే ఆటలకి ఆప్టిమైజేషన్ అని ఒక మీట ఇచ్చారు, అది ఆన్‌లో ఉంటే తేడా బాగా తగ్గుతుంది. సెలవుల్లో హాల్లో టీవీకి తగిలించి ఆడతానంటాడు చూడండి, అప్పుడు టీవీలో గేమ్ మోడ్ పెట్టకుండా కూర్చోనివ్వకండి. సినిమా నున్నగా కనబడాలని టీవీ రెండు బొమ్మల మధ్య కొత్త బొమ్మ పుట్టిస్తుంది, దానికోసం ముందొచ్చిన బొమ్మని ఆపి ఉంచుకుంటుంది.

కొత్త కార్డుల్లో ఫ్రేమ్ జనరేషన్ అని చెప్పి అమ్మేది కూడా ఇలాంటిదే. అన్నయ్యగారు దాన్ని చూసి మోజు పడొద్దు. 2022లో ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ 3తో మొదలైంది. మూలన 60 ఉన్న ఎఫ్‌పీఎస్ అంకె 110 అని కనబడుతుంది, కంటికి నున్నగానే ఉంటుంది. కానీ మధ్యలో పుట్టించిన బొమ్మకి మౌస్ సంగతి తెలియదు, పైగా అది పుట్టడానికి అసలు బొమ్మ కాసేపు ఆగాలి. కథ ఉన్న ఆటలకి హాయిగా వాడుకోవచ్చు. వాలరెంట్ ఆడేవాడి కోసం దానికని డబ్బు పెట్టడం దండగ.

"ల్యాగ్ తీసేస్తాం" అని ఉచితంగా దొరికే బూస్టర్లూ, రిజిస్ట్రీ మార్చే ఫైళ్లూ వాడి కంప్యూటర్లోకి రానివ్వకండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. సాక్షాత్తూ ఏఎండీ కంపెనీయే 2023లో యాంటీ-ల్యాగ్ ప్లస్ అని తెస్తే, అది ఆట లోపలి ఫైళ్లలో వేలు పెట్టడం వల్ల కౌంటర్ స్ట్రైక్ 2లో అమాయకులకి మోసగాళ్లన్న ముద్ర పడి నిషేధం వచ్చింది. డ్రైవర్ వెనక్కి తీసుకున్నారు, ఆ ఆట చేసిన వాల్వ్‌వాళ్లు ఆ నిషేధాలు ఎత్తేశారు. అంత పెద్ద కంపెనీ కాబట్టి సర్దుకుంది. ఊరూపేరూ లేని సాఫ్ట్‌వేర్ వేసి మీవాడి అకౌంట్ పోతే ఎవరిని అడుగుతాం?

ఒకేసారి అన్నీ మార్చొద్దని కూడా చెప్పండి. ఒకటి మార్చాలి, కొలవాలి, తర్వాత ఇంకోటి. కొలవడానికి మీ ఫోన్ చాలు. స్లో మోషన్‌లో 240 ఎఫ్‌పీఎస్ ఉంటుంది. మౌస్ మీద వేలూ, వెనక స్క్రీనూ రెండూ కనబడేలా ఫోన్ నిలబెట్టి, తుపాకీ పేల్చమనండి. తర్వాత వీడియోని ఒక్కో ఫ్రేమూ జరుపుతూ, వేలు మౌస్ బటన్‌ని కిందికి నొక్కిన ఫ్రేమ్ నుంచి తుపాకీ మూతి వెలిగిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టాలి. ఒక్కో ఫ్రేమూ 4.2 మిల్లీసెకండ్లు. ఇరవై ఫ్రేములొస్తే 80 మిల్లీసెకండ్ల పైనే. ఒక్కసారికి నమ్మకూడదు, ఓ పది సార్లు తీసి సగటు చూడాలి. డూమ్, క్వేక్ ఆటలు చేసిన జాన్ కార్మాక్ కూడా ఇలాగే వేగంగా తీసే కెమెరా పెట్టి కొలిచాడు. అమెరికా నుంచి యూరప్‌కి నెట్‌లో ఒక ప్యాకెట్ పంపడం కంటే తన ముందున్న స్క్రీన్ మీద ఒక చుక్క వెలిగించడానికే ఎక్కువసేపు పడుతోందని 2012లో బాహాటంగా చెప్పాడు. సముద్రం దాటడం తేలికైపోయింది, బల్ల దాటడం కష్టంగా ఉంది. అలాంటిది మనం నెట్‌వాడిని తిట్టుకుంటూ కూర్చుంటే ఎలా?

అన్నీ చేశాక కూడా వాడికి తృప్తి లేకపోతే అప్పుడు కొనే మాట మాట్లాడదాం. నన్నడిగితే కార్డు జోలికి మాత్రం ఆఖర్న వెళ్లాలి. వాలరెంట్‌కి 1650 చాలు. డిస్‌ప్లే పోర్ట్ వైరు ముందు. ఎందుకంటే ఎన్విడియా కార్డుతో పాత హెచ్‌డీఎంఐ మీద ఫ్రీసింక్ పలకదు, ఈ వైరు మీద పలుకుతుంది. మీ మానిటర్ వెనక ఆ రంధ్రం ఉంది, ఒక పక్క మూల చెక్కేసినట్టుంటుంది, టార్చి వేసి చూడండి. కార్డుకీ అదే రంధ్రం ఉందో లేదో ఇప్పుడే చూసి చెప్పండి, నేను కుక్కర్ దించి వస్తాను.